దీపం ఊదేసిన అవ్వ

మనోజ్ఞ అప్పుడే వెలిగించిన దీపాన్ని ఆ ముసలామె ఊదేసింది.

నోటితో!

"ఎవురే నువ్వు? సందేళ దీపం ఆర్పుతావా, పాపిష్టిదానా!" అరిచింది మనోజ్ఞ.

గిద్దలూరు బస్టాండు ఎదురుగా టీవీలు, మోటారు స్టార్టర్లు బాగుచేసే చిన్న దుకాణం అది. దుమ్ముగాలి కొడుతోందని షట్టరు సగానికి పైగా దించారు. లోపల మనోజ్ఞ భర్త ఫణికుమార్ గిన్నెలో పెట్రోలు పోసుకుని, పాత టీవీ బోర్డుకు పట్టిన జిడ్డును బ్రష్షుతో రుద్దుతున్నాడు. మూలన చీర ఉయ్యాలలో పాప నిద్రపోతోంది.

బస్సు కోసం నిలబడ్డ ముసలామె వాసన పసిగట్టి షట్టరు కింద నుంచి దూరి వచ్చింది.

"బిడ్డను బయటికి తీస్కపో తల్లీ. షట్టరెత్తు నాయనా."

"నా పని నాకు తెల్దా?" కసిరాడు ఫణికుమార్.

"కడుగు, వద్దనలా. పెట్రోలు మాని బోర్డులు తుడిచే స్పిరిట్టు తెచ్చుకో. బయట గాలికి కూసోని తుడువు. తడారినాక లోపలికి తెచ్చుకో."

"వచ్చినాది పెద్ద ఇంజనీరు! పో అవతలికి!"

కేకలు విని దుకాణం గది అద్దెకిచ్చిన మాలకొండయ్య వచ్చాడు. ముసలామెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మళ్లా వచ్చినావా? దీనికి తలకాయ సరిగా లేదు. ఈడ్చి పారెయ్!"

అంటూనే చెయ్యి పట్టుకుని తనే బయటికి ఈడ్చాడు. ఆమె సంచి రోడ్డు మీద పడింది. ఎవరూ తీసివ్వలేదు. ఆమె నిలబడిన చోట మనోజ్ఞ పసుపునీళ్లు చల్లింది.

కొమరోలు బస్సు కండక్టరు విజిల్ వేశాడు.

ముసలామె కదల్లేదు. "ఆ గిన్నె బయటికొచ్చిందాకా నేను పోను."

"ఏం పీడ మామా ఇది!" ఫణికుమార్ షట్టరెత్తి, గిన్నె తెచ్చి గుమ్మం ముందే గుమ్మరించాడు. "ఇదిగో, పారబోసినా! ఇంగ పో!"

ఆమె తడిసిన నేలను చూసింది. ఉయ్యాల వైపు చూసింది. సంచి ఎత్తుకుని బస్సెక్కింది.

"వదిలింది శని," అంటూ మాలకొండయ్య బీడీ ముట్టించుకుని, అలవాటుగా అగ్గిపుల్ల విసిరేశాడు.

భగ్గుమంది.

మంట నడుము ఎత్తున లేచింది. మాలకొండయ్య వెనక్కి పడ్డాడు. ఫణికుమార్ మంట పక్కగా లోపలికి దూకి పాపను గుండెకు హత్తుకుని బయటపడ్డాడు.

మంట తగ్గింది. గుమ్మం నల్లబడింది.

మనోజ్ఞ పాపను ఒళ్లంతా తడుముకుంది.

"మామా, మళ్లా వచ్చినావా అంటివే... ఎవురామె?"

మాలకొండయ్య రోడ్డు వైపు చూశాడు. బస్సు అప్పటికే మలుపు తిరిగింది.

"ఓబులమ్మ. చెప్తే మీరు అద్దెకు దిగరని చెప్పలా... మీకంటే ముందు ఈ దుకాణం ఆమె కొడుకుది."

"ఆ కొడుకేడీ?"

"వాడూ ఇట్లనే షట్టరు దించుకోని బోర్డు కడుగుతాండె... ఆ పొద్దు సందేళ దీపం ముట్టించింది ఆమేనమ్మా."