మాస్టారి కారు ఫ్యూజు

మునేశ్వర్ మాస్టారి కారులోంచి పెట్రోల్ పంపు ఫ్యూజు ఊడబీకాలన్న ఆలోచన ప్రనీశాది. ఆయన నానా తంటాలూ పడ్డాక దాన్ని మళ్ళీ పెట్టేసి, అందరి ముందూ బండి నడిపించి చూపించాలన్న ఆలోచన కెలేరాది.

లాటోకా ఊరి చివర ఆ చిన్న కాలేజీలో, మోటారు మెకానిక్ క్లాసుకి ఆడపిల్లలు వాళ్ళిద్దరే. మాస్టారు వాళ్ళని పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఆయన నోట కెలేరా పెద్ద వంటావిడ, ప్రనీశా చిన్న వంటావిడ. మగపిల్లలు ఇంజను విప్పుతుంటే వీళ్ళు టీ కాచాలి, నూనె గుడ్డలు ఉతకాలి. ప్రనీశా ఒకసారి స్పానర్ అందుకోబోతే, “వద్దమ్మా, గోళ్ళు విరుగుతాయి. రేపు పెళ్ళిచూపుల్లో నన్ను తిడతారు” అన్నాడు. క్లాసంతా ఇకిలించింది.

ఇద్దరూ ప్రిన్సిపాల్ లితియా మేడమ్ దగ్గర మొరపెట్టుకున్నారు. “పాతకాలం మనిషి. ఎలాగూ రిటైరైపోతాడు. కాస్త సర్దుకుపోండి” అందావిడ, చల్లగా.

సర్దుకుపోయేవారే. కానీ చక్కెర మిల్లుకి పని నేర్చుకోడానికి పంపేటప్పుడు, మాస్టారు మగపిల్లలందరినీ మెకానిక్ షెడ్డుకి వేసి వీళ్ళిద్దరినీ మిల్లు క్యాంటీన్‌కి వేశాడు.

“అక్కడ మాత్రం మెషిన్లు లేవా? మిక్సీ ఉంది, గ్రైండర్ ఉంది” అన్నాడు.

శుక్రవారం పొద్దున టీ బెల్లు కొట్టగానే ప్రనీశా మామిడిచెట్టు కిందికి వెళ్ళింది. తెల్ల కారు అద్దం దించి ఉంది. చెయ్యి లోపల పెట్టి, ఎవరైనా వస్తారేమోనని చూపంతా కాలేజీ వైపే ఉంచి, తడుముకుంటూ ఫ్యూజు లాగేసింది. దాన్ని తెచ్చి కెలేరా జేబులో పడేసింది.

క్లాసులు అయిపోయాక మాస్టారు పూల చొక్కా తొడుక్కుని కారెక్కాడు. బా అనే ఊళ్ళో మేనల్లుడి పెళ్ళి. తాళం తిప్పాడు. ఇంజను గిర్రున తిరుగుతోందే గాని అంటుకోవడం లేదు.

మగపిల్లలు మూగారు. ఒకడు బ్యాటరీ అన్నాడు, ఒకడు ప్లగ్గులన్నాడు. అందరూ కలిసి గేటు దాకా నెట్టారు, మళ్ళీ వెనక్కి నెట్టారు. మాస్టారి పూల చొక్కా నిండా గ్రీజు పూసింది. ఇంతలో భార్య ఫోను. “దారిలోనే ఉన్నా” అన్నాడు, బానెట్‌లో తల పెట్టి.

“మాస్టారూ, మమ్మల్ని చూడమంటారా?” అంది కెలేరా.

“ఇదేం కూరా, నువ్వొచ్చి పోపు పెట్టడానికి?”

“నడిస్తేనో?”

“నడిస్తే నువ్వేం చెప్పమంటే అది చెప్తా.”

“అయితే రెండు చెప్పాలి. మమ్మల్ని ఇన్నాళ్ళూ అన్న మాటలన్నీ తప్పని చెప్పాలి. మమ్మల్ని క్యాంటీన్‌కి కాదు, షెడ్డుకి పంపుతున్నానని చెప్పాలి. సోమవారం కాదు మాస్టారూ. బండి అంటుకున్న నిమిషాన, వీళ్ళందరి ముందూ.”

ఎవరూ నవ్వలేదు. మాస్టారు అటూ ఇటూ చూశాడు. ఫోను మళ్ళీ మోగింది.

“సరే, కానీ” అన్నాడు.

కెలేరా స్టీరింగ్ కిందికి వంగింది. తల పైకెత్తేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ప్రనీశా వైపు చూసింది. ఏం నటిస్తోందే అనుకుని ప్రనీశా కన్ను కొట్టింది.

తర్వాత కెలేరా టార్చి అడిగింది. టెస్టర్ అడిగింది. బానెట్ కింద వెతికింది, కారు కింద దూరింది. ప్రనీశాకి విసుగొచ్చింది. నటనకైనా ఒక హద్దుండాలి. చివరికి కెలేరా వెనక సీటు పైకి లేపి, అందులోకి సగం దూరి, అక్కడినుంచే అరిచింది.

“మాస్టారూ, మీరు కార్లో రొట్టెలు తింటారా? ఇక్కడ ఎలుక కాపురం పెట్టింది. పంపు వైరు కొరికి పారేసింది.”

టేపు అందించారు. కాసేపయ్యాక తాళం తిప్పింది. బండి ఒక్కసారి దగ్గి, అంటుకుంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “నేను... ఈ వంటా... ఈ పిల్లల్ని...”

“పిల్లలకి పేర్లున్నాయి మాస్టారూ” అంది ప్రనీశా.

“కెలేరాని, ప్రనీశాని... నేనన్న మాటలు తప్పే. షెడ్డుకే పంపుతున్నా, ఇద్దరినీ.” కారెక్కి, కాస్త దూరం పోయి ఆపాడు. కిటికీలోంచి, “వైరు బాగా చుట్టావమ్మా కెలేరా” అని వెళ్ళిపోయాడు.

జనం చెదిరాక ప్రనీశా నవ్వాపుకోలేకపోయింది.

“నువ్వు సినిమాల్లో చేరవే. ఫ్యూజు పెట్టడానికి అంతసేపా? పైగా ఎలుక కాపురమట.”

“ఎలుక నిజమే” అంది కెలేరా. “ఫ్యూజు ఉండాల్సిన చోటే ఉందే. నీకు చెబుదామంటే చుట్టూ జనం. ఇంక చచ్చినట్టు నిజంగానే బాగుచేశాను.”

“మరి పొద్దున నేను పీకింది?”

కెలేరా జవాబు చెప్పేలోగా మామిడిచెట్టు కింద ఇంకో తెల్ల కారు గిర్రు గిర్రుమని తిరిగి ఊరుకుంది. దాని కిటికీలోంచి ప్రిన్సిపాల్ మేడమ్ తల బయటపెట్టి, “అమ్మాయిలూ, కాస్త ఇలా రండమ్మా, ఇదీ ఆ ఎలుక పనేనేమో చూద్దురుగాని” అంది.