పక్క కుర్చీ బాబాయ్

మార్చి పదకొండు, మంగళవారం. రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు గబగబా తినేసి ఆమె కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి వచ్చింది.

డిజైన్ పరీక్ష ఇంకా తొమ్మిది రోజులే. కాగితం మీది డ్రాయింగ్ చూసి, ఆ వస్తువును కొలతల ప్రకారం కంప్యూటర్లో తయారుచేయాలి. సాధనకి కేంద్రంలో వంద డ్రాయింగులు ఇచ్చారు. నెగ్గితే ఫ్యాక్టరీలో డిజైన్ గది, కూర్చునే ఉద్యోగం. తప్పితే మళ్ళీ ప్యాకింగ్ బల్ల దగ్గర ఎనిమిది గంటలు నిలువుకాళ్ళ మీద. ఇక మావల్ల కాదని మోకాళ్ళు ఎప్పుడో చెప్పేశాయి.

పక్క కుర్చీలో పెద్దాయన అప్పటికే ఉన్నారు.

"ఈరోజేం చేస్తున్నావమ్మాయ్?"

"సబ్బుపెట్టె, బాబాయ్."

"ఎలా చేశావో చెప్పు."

"కనబడుతోందిగా!"

"నువ్వు చెబితే అదో అందం."

ఏం చేస్తుంది? మొదలుపెట్టింది. ఆయనేమో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"స్క్రీన్ ఇక్కడుంది బాబాయ్. కిటికీలో సినిమా ఏమైనా ఆడుతోందా?"

"ఆడుతోంది. నువ్వు కానివ్వు."

"ముందు దిమ్మ చేశాను. లోపల తొలిచాను. తర్వాత మూలలు గుండ్రం..." నాలుక కరుచుకుంది. "అయ్యో! ముందు మూలలు, ఆ తర్వాత తొలవడం. లేకపోతే మూలల దగ్గర గోడ పలచబడిపోతుంది."

"నేనేమీ అనలేదు సుమా!" అన్నారాయన అమాయకంగా.

రోజూ ఇదే తంతు. ఆయన మాత్రం తన కంప్యూటర్ మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు.

"మా క్లాసులో ఒకాయన ఉన్నారు. ఈ జన్మకి పాసవరు," అంది ఇంట్లో.

"ముందు నువ్వు పాసవ్వు తల్లీ," అన్నాడు భర్త, పాపకి జడ అల్లుతూ.

పరీక్ష రోజు డ్రాయింగ్ చూడగానే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఎవరికీ వినబడకుండా గొణుక్కుంది.

"ముందు దిమ్మ, బాబాయ్. తర్వాత మూలలు..."

ఇంకా పదకొండు నిమిషాలు ఉండగానే పని పూర్తయింది. సాయంత్రానికి ఫలితం వచ్చింది. పాస్!

ఆ చల్లని కబురు పట్టుకుని పరుగున కేంద్రానికి వచ్చింది. పక్క కుర్చీ ఖాళీ. సార్ ఒక్కరే కంప్యూటర్లు ఆపుతున్నారు.

"బాబాయ్ ఏరి సార్?"

"పొద్దున వాళ్ళ చెల్లెలుగారు వచ్చి తమ ఊరు తీసుకెళ్ళారు. ఇక అక్కడే ఉంటారట. మీ సంగతి ఇందాకే ఫోన్లో చెప్పాను. 'నాకు తెలుసు' అని ఒకటే నవ్వు."

"మరి ఆయన పరీక్ష? వదిలేసుకున్నారా, పాపం! నేనైనా కాస్త నేర్పాల్సింది."

సార్ ఆమెను బయటికి రానిచ్చి లైటు ఆర్పారు.

"ఆయనకి పరీక్షేమిటమ్మా! మీరు సాధన చేసిన ఆ వంద డ్రాయింగులూ ఒకప్పుడు ఆయన చేత్తో గీసినవే. ఎదురుగా ఉన్నది కూడా కంటికి కనబడకుండా పోయాక, అవి కాగితం మీంచి లేచి నిలబడడం మీ నోట వినడానికి వచ్చేవారు," అంటూ చప్పుడు కాకుండా తలుపు మూశారు.