కారు కింద దూరినవాళ్ళకే తాళం

"ఏవండీ, ఇదేంటి ఎర్రగా వస్తోంది?" కారు కింద నుంచి కోడలు అరిచింది.

"ఇంజన్ ఆయిలే. కొత్త రకాలు అలాగే ఉంటాయి. కానియ్, కానియ్," అన్నాడు మొగుడు, గోడకి ఆనుకుని కాఫీ చప్పరిస్తూ.

పాత ఆటోమేటిక్ కారు ర్యాంపుల మీద ఉంది. దాని కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకుంది కోడలు. నాలుగడుగుల దూరంలో మామగారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బస్సు డిపోలో ముప్పయ్యేళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి. ఇంట్లో ఆయనది ఒకటే చట్టం. కారు కింద దూరి, ఇంజన్ ఆయిలూ గేరుబాక్సు ఆయిలూ ఒకే రోజు సొంత చేత్తో మార్చినవాళ్ళకే తాళం. లైసెన్సు చూపిస్తే, "అది గవర్నమెంటు నమ్మకం, నాది కాదు" అంటాడు. పని చెడిందా, మళ్ళీ ఆయిల్ మార్చే దాకా ఆర్నెల్లు ఆగాల్సిందే.

కోడలికి ఆర్నెల్లు ఆగే వీల్లేదు. రేపటి నుంచి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. డ్యూటీ ఆరింటికి, మొదటి బస్సు ఏడింటికి. మొదటి రోజే ఆలస్యంగా వెళ్తే ఉద్యోగం ఊడినట్టే. మొగుణ్ణి దింపమంటే, "అయిదింటికి నన్ను లేపడం నీ తరం కాదు" అని తేల్చేశాడు. అందుకే ఇవాళ పొద్దున్నే పాత బట్టలు తొడుక్కుని, నడుం బిగించి కారు కింద దూరింది.

ముందు ఏ బోల్టు విప్పాలని అడిగితే, మొగుడు వంగి చూసి, "అదిగో, ఆ వెనకాలది" అన్నాడు. పన్నెండేళ్ళ కిందటే ఈ పరీక్ష నెగ్గి తాళం జేబులో వేసుకున్న మనిషి కదా, మారుమాట్లాడకుండా విప్పేసింది. ఇప్పుడు మనసు పీకుతోంది.

"ధార ఆగిందిగా. బోల్టు బిగించి, పైన ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసెయ్," అన్నాడు మొగుడు.

కోడలు బోల్టు బిగించింది గానీ ఆయిల్ డబ్బా ముట్టుకోలేదు. బయటికొచ్చి, బానెట్ ఎత్తి, ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూసింది. నల్లటి పాత ఆయిల్ ఉన్నది ఉన్నట్టే ఉంది.

"ఇంజన్‌లో చుక్క కూడా తగ్గలేదండీ! నేను ఖాళీ చేసింది గేరుబాక్సుని. మీ మాట విని పోసుంటే ఇంజన్‌లో ఆయిల్ రెండింతలయ్యేది, చుక్క లేక గేరుబాక్సు కాలిపోయేది."

"అయ్యయ్యో, తప్పు బోల్టు విప్పేశావా? చూసుకోవద్దూ!"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కారుని దింపేసి ఈయన్ని ర్యాంపు ఎక్కించాలనిపించింది.

కుర్చీలోంచి మామగారు గొంతు సవరించుకున్నాడు. "ముందు ఆ బోల్టు విప్పమని ఎవరు చెప్పారమ్మా?"

కోడలు మొగుడి వంక చూసింది. ఆయన ఎటో చూస్తున్నాడు.

"నేనే పొరబడ్డాను మామయ్యగారూ. సరిచేస్తాను."

"రూలు రూలే కదా నాన్నా. పని చెడినట్టేగా?" అన్నాడు మొగుడు.

"ఇంకా చెడలేదు," అంది కోడలు.

ట్రేలోని ఎర్ర ఆయిల్‌ని సీసాల్లోకి వొంపి కొలిచింది. మూడున్నర లీటర్లు. గరాటు పెట్టి గేరుబాక్సులో కొత్తది సరిగ్గా అంతే పోసింది. మళ్ళీ కింద దూరి, ఈసారి ఎవర్నీ అడక్కుండా, ఇంజన్ బోల్టు తానే వెతికి విప్పింది. నల్లటి ఆయిల్ వెచ్చగా మోచేతి దాకా కారింది. "అబ్బా!" అంది గానీ చెయ్యి తియ్యలేదు. కొత్త వాషర్ వేసి బోల్టు బిగించింది. పాత ఫిల్టర్ ఊడదీసి, కొత్తదాని రబ్బరుకి కాస్త ఆయిల్ రాసి చేత్తోనే తిప్పి బిగించింది. ఇంజన్‌లో ఆయిల్ పోసి, మామగారు పరీక్ష కోసం అందించిన తన తాళంతో స్టార్ట్ చేసి, కారుని నేల మీదికి దింపింది. బ్రేకు మీద కాలుంచి గేరు రాడ్‌ని అన్ని స్థానాల్లోకీ ఒక్కొక్కటిగా మార్చి, ఇంజన్ తిరుగుతుండగానే గేరుబాక్సు పుల్ల తీసి చూసింది. కొంచెం తక్కువ. ఓ చిన్న గ్లాసెడు పోసింది. ఇప్పుడు సరిపోయింది.

మామగారు లేచి, కారెక్కి, వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. దిగి, వంగి, రెండు బోల్టుల కిందా వేలితో తడిమాడు. వేలికి తడి అంటలేదు.

"ఒరేయ్, నీ తాళం ఇటివ్వు," అన్నాడు కొడుకుతో.

"దానికివ్వడానికా నాన్నా? తప్పు బోల్టు విప్పింది కదా!"

"ఇవ్వరా."

కొడుకు సణుగుతూ ఇచ్చాడు. మామగారు దాన్ని కోడలి జిడ్డు చేతిలో పెట్టి, కొడుకు వైపు తిరిగాడు.

"అప్పట్లో నేను డిపో నుంచి వచ్చేసరికి పనైపోయిందన్నావు. చేతులకి నల్లగా ఆయిల్ పూసుకుని గుమ్మంలో నిలబడితే నమ్మేశాను. ఏ మెకానిక్కుని పిలిచి చేయించావో గానీ, ఒక్కసారి కింద దూరినవాడెవడూ ఇంజన్ ఆయిల్‌కి ఆ బోల్టు చూపించడు. ఆర్నెల్ల తర్వాత నువ్వు పడుకో కింద, ఈ కుర్చీలో కోడలు కూర్చుంటుంది. అందాకా నీకు బస్సే!"