ఈటెడ్ పిల్ల చెప్పిన పాఠం

"ఈట్‌కి పాస్ట్ టెన్స్ ఈటెడ్. రాసుకోండి."

ప్రమీలారాణి పెన్ను ఆగింది. కళ్లజోడు పైనుంచి లావణ్య ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"ఖాయమేనా టీచరమ్మా?"

"ఖాయమేనండీ. పర్ఫెక్ట్ టెన్స్ అయితే హ్యావ్ ఈటెడ్."

ఆవిడ తలూపి, నోట్‌బుక్‌లో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఆ కిందే బ్రింగ్‌కి బ్రింగెడ్ అనీ, గ్రోకి గ్రోడ్ అనీ రాసుకుంది.

లావణ్య బీఈడీ చదివింది. మైలవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో మూడేళ్లుగా ఇంగ్లీషే చెబుతోంది. ఈట్‌కి పాస్ట్ ఏట్ అనీ, పర్ఫెక్ట్‌లో ఈటెన్ అనీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. తెలిసి తెలిసి, ఏరి కోరి తప్పులు నేర్పుతోంది.

పాము పన్నెండేళ్లు పగబడుతుందంటారు. లావణ్యది పదిహేనేళ్ల పగ.

ఆ ఏడాది మామిడి కోతలకి తల్లి సీతమ్మ ప్రమీలారాణి వాళ్ల తోటలో కూలికి వచ్చింది. ఏడో తరగతి లావణ్య కూడా వెంట వచ్చింది. వాకిట్లో చిన్నరసాలు గుట్టలు పోసి ఉన్నాయి. "మా పిల్ల ఇంగ్లీషు మాట్లాడుద్దండీ అమ్మగారూ" అని సీతమ్మ మురిసిపోతూ చెప్పింది. అందరూ చూస్తుంటే లావణ్య ధైర్యం తెచ్చుకుని, "ఐ ఈటెడ్ మ్యాంగో" అంది. కాన్వెంటులో చదివే ఆ ఇంటబ్బాయి రాజీవ్ ముందు నవ్వాడు. తర్వాత అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారు. కుర్చీలో కూర్చున్న ప్రమీలారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక సీతమ్మ కూడా నవ్వింది. లావణ్యకి ఇప్పటికీ కడుపు మండేది అమ్మ నవ్విన ఆ నవ్వు తలుచుకుంటేనే.

పదో తరగతి దాకా ఊళ్లో ఆమె పేరు ఈటెడ్.

ఇన్నాళ్లకి అవకాశం నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ప్రమీలారాణి మామిడి రైతుల మహిళా సంఘానికి ప్రెసిడెంటయింది. సింగపూరు నుంచి కాయలు కొనేవాళ్లు వస్తున్నారట, సభలో ఆవిడ ఇంగ్లీషులో ఐదు నిమిషాలు మాట్లాడాలట. "ఈ టెన్సులూ నౌన్లూ కాస్త నువ్వు చెప్పమ్మా" అని ఆవిడే సీతమ్మ ఇంటికి వచ్చి లావణ్యని అడిగింది. పెళ్లయి వచ్చాక వంటిల్లూ తోటా తప్ప మరోటి ఎరగని మనిషి. ఆవిడ నోట ఒక్క ఇంగ్లీషు ముక్క ఊళ్లో ఎవరూ విన్నది లేదు. ఆ రోజు కొడుకు నవ్వాడని తనూ నవ్వి ఉంటుంది.

"తప్పకుండా చెబుతానండీ" అంది లావణ్య. తల్లిలా అమ్మగారూ అని మాత్రం అనలేదు.

రెండోవారం నౌన్లు మొదలయ్యాయి.

"గ్రోకి నౌన్ గ్రోమెంట్. స్వీట్‌కి స్వీట్‌మెంట్. అరైవ్‌కి..."

"అరైవ్‌మెంటా?" ఆవిడే అందించింది.

"శభాష్! భలే పట్టుకున్నారండీ."

నవ్వాపుకోవడం లావణ్యకి గండమైపోయింది.

ఇంటికొస్తే సీతమ్మ అంది, "నీ పాఠానికి అమ్మగారు ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని మరీ కూర్చుంటున్నారంటనే. మంచిగా చెప్పు తల్లీ."

లావణ్యకి మనసులో ఎక్కడో చివుక్కుమంది. పోనీ రేపు సరిచేద్దామా అనుకుంది. కానీ మర్నాడు బస్టాపు దగ్గర ఆ పేరు ఇంకా మరవని టీ కొట్టు సవరయ్య పళ్లికిలిస్తూ అడిగాడు, "ఏమ్మా ఈటెడూ, బడికేనా?"

అంతే, ఇంక సరిచేయలేదు.

సభ రోజు నూజివీడు మార్కెట్ యార్డులో షామియానా వేశారు. లావణ్య చివరి వరసలో కూర్చుంది. ముందు వరసలో ప్రమీలారాణి భర్త లక్ష్మీనరసింహారావు, విజయవాడ నుంచి వచ్చిన కొడుకు రాజీవ్ కూర్చున్నారు. ఆవిడ మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుంది.

"వుయ్ ఆర్ హ్యాపీ ఫర్ యువర్ అరైవ్‌మెంట్."

ఎవరో కిసుక్కుమన్నారు.

"మై ఫాదర్ ఇన్ లా గ్రోడ్ దిస్ గార్డెన్. యూ హ్యావ్ ఈటెడ్ మెనీ మ్యాంగోస్. బట్ దిస్ స్వీట్‌మెంట్, యూ హ్యావ్ నాట్ ఈటెడ్!"

కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు. ఆఫీసర్లు కర్చీఫులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లక్ష్మీనరసింహారావు తల దించుకున్నాడు. రాజీవ్ లేచి విసవిసా బయటికి వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం ఆగలేదు. ఒక్కో తప్పూ విడమరిచి, వినబడేలా, చివరిదాకా చదివింది.

లావణ్యకి కడుపు నిండా అన్నం తిన్నంత హాయిగా ఉంది. ఇంక రేపటినుంచి ఊరు ఎవర్ని ఏమని పిలుస్తుందో చూడాలి.

ప్రమీలారాణి వేదిక దిగి నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"నువ్వు చెప్పినవన్నీ చెప్పానా టీచరమ్మా? ఏదీ వదల్లేదు కదా?"

"ఒక్కటీ వదల్లేదండీ."

"మీ అమ్మని కూడా తీసుకురావాల్సింది" అని, చెమట తుడుచుకుంటూ ఆవిడ వెళ్లిపోయింది.

సింగపూరు వాళ్లతో వచ్చిన కంపెనీ ఆఫీసరు, యాభై దాటిన ఉదయశ్రీ, లావణ్య పక్కకొచ్చి నిలబడింది. ప్రమీలారాణి వెళ్లిన వైపే చూస్తోంది.

"ఆవిడ బందరు ప్రమీలారాణి గారే కదండీ?"

"అవునండీ, పుట్టిల్లు బందరే. ఏం?"

"ఒంట్లో ఏమైనా బాగుండటం లేదా? ఆ మాటలేంటి?"

"ఒంట్లో బాగానే ఉందండీ. ఇంగ్లీషే రాదు పాపం" అని లావణ్య నవ్వింది.

ఉదయశ్రీ నవ్వలేదు.

"బందరు కాలేజీలో నాకు ఇంగ్లీషు గ్రామర్ చెప్పింది ఆవిడేనండీ."