గురువారంలోగా రెండు పేజీలు

రెండు రోజుల్లో అది మూడో మెయిల్.

“శనివారం అంత్యక్రియలు. చర్చిలో ఆర్గన్ వాద్యం మీద వాయించాల్సిన రెండు పేజీలు నేనే రాశాను. మీ ప్రోగ్రాంలో స్వరాలను కలిపే వంపుగీతలు ఆ స్వరాల నెత్తికే ఎక్కి కూర్చుంటున్నాయి. గురువారంలోగా అచ్చు నా కళ్ళతో చూడాలి. ఆ తర్వాత నాకు వీలుపడదు.”

కింద ఐల్డర్ట్ వీర్సెమా అని పేరు.

సంగీతాన్ని అచ్చుకు తీర్చిదిద్దే ఆ సాఫ్ట్‌వేర్‌ను జీతంలేకుండా చూసుకునే పదిమందిలో యుర్యెన్ ఒకడు. మామూలుగా అయితే నాలుగు ముక్కలు జవాబు రాసి ఊరుకునేవాడు. కానీ ఆ మెయిల్ రాసిన పెద్దాయన ఉండే పల్లె తానుండే గ్రోనింగెన్ పట్టణం నుంచి సైకిల్ మీద గంట దూరం. మంగళవారం మధ్యాహ్నం ఎదురుగాలిలో తొక్కుకుంటూ వెళ్ళాడు.

ఆయన భార్య ట్రీంచె తలుపు తీసింది.

“వచ్చావా నాయనా! రెండు రోజులుగా ఆ పెట్టెను తిట్టడంతోనే సరిపోతోంది ఈయనకి. ముందు ఆ బూట్లు విప్పు, పొలాల బురదంతా మోసుకొచ్చావు.”

ఐల్డర్ట్ కిటికీ పక్కన కూర్చున్నాడు, ఒళ్ళో కంప్యూటర్ కీబోర్డుతో. నలభై ఏళ్ళు ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించిన మనిషి, ఇప్పుడు ఒక్కో అక్షరాన్నీ ఒకే వేలితో వెతికి వెతికి నొక్కుతున్నాడు.

“శనివారం మీరే వాయిస్తారా?” అడిగాడు యుర్యెన్.

“ఈ వేళ్ళతోనా? నా శిష్యురాలు హిల్కా వాయిస్తుంది. దానికి కంగారెక్కువ. కాగితం మీద ఎలా ఉంటే అలాగే లాగించేస్తుంది, తప్పున్నా సరే. అందుకే నా బాధంతా.”

స్వరాలను అక్షరాలుగా టైపు చేసిన కోడ్‌ను యుర్యెన్ చదివాడు. ముసలాయన రాత శుభ్రంగా ఉంది. పావుగంట వెతికాక తేడా తెస్తున్న లైను దొరికింది. ఏదీ మార్చే లైను కాదది. వంపుగీత ఎంత ఎత్తులో ఉందో చదివి, తెరమీద చూపించే లైను. అంతే.

“ఇదెందుకు పెట్టారు?”

“సరిగ్గా ఉందో లేదో చూసుకుందామని. చూస్తే తప్పేంటయ్యా? నేను దాన్ని ముట్టుకోనైనా లేదు.”

“ఇక్కడ చూడటమంటే ముట్టుకోవడమేనండీ. ఆ ఎత్తు ముందే రాసిపెట్టి ఉండదు. ఎవరైనా అడిగితేనే లెక్క మొదలవుతుంది. పేజీ మీద స్వరాల వరసలు ఎక్కడ విరుగుతాయో తేలాక, అన్నిటికన్నా ఆఖర్న, ప్రోగ్రామే అడుగుతుంది. మీరేమో ముందే అడిగేశారు. తన వరస ఎక్కడ ఆగుతుందో పాపం ఆ గీతకే తెలీదు. తెలిసినంతలో ఏదో ఒకటి చెప్పేసింది.”

“తర్వాత తెలిశాక మార్చుకోదా?”

“మార్చుకోదు. ఒకసారి చెప్పిందంటే ఇక అదే ఖాయం.”

వంటింట్లో చెంచా ఏదో కిందపడింది.

“తొందరపడ్డానంటావు,” అన్నాడు ఐల్డర్ట్.

“ఆగి ఉంటే సరిపోయేది.”

“ఆగడం నాకు చేతకాదు.”

“అది మాత్రం నిజం!” లోపల్నుంచి కేకేసింది ట్రీంచె.

యుర్యెన్ ఆ ఒక్క లైనూ తీసేసి, ప్రోగ్రాంను మళ్ళీ నడిపించాడు. వంపుగీతలన్నీ స్వరాల మీదుగా ఒద్దికగా వాలాయి. రెండు పేజీలూ అచ్చుతీసి పెద్దాయన మోకాళ్ళ మీద పెట్టాడు.

ఐల్డర్ట్ చాలాసేపు చూశాడు. పెదవులు కదులుతున్నాయి. రెండో పేజీ చివర్లో ఆగి, వెనక్కి వెళ్ళి, ఆఖరి వరస మళ్ళీ చదువుకున్నాడు.

“ఇలాగే అనుకున్నాను. ఇలాగే,” అన్నాడు.

ట్రీంచె కాఫీ తెచ్చింది, వెన్న రాసిన కేకు ముక్కలతో. కప్పు తానే పట్టుకుని ఆయన చేత తాగించింది. గడ్డం మీదికి కారితే తుడిచింది. యుర్యెన్ కిటికీ బయటికి చూస్తూ, ఊరికే ఉండలేక అడిగాడు:

“పోయినవాళ్ళు మీకు బాగా కావాల్సినవాళ్ళా?”

“ఈ వీధిలో పుట్టినవాడే,” అన్నాడు ఐల్డర్ట్. “వట్టి మొండిఘటం.”

“మహా మొండి,” అంది ట్రీంచె. నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బయల్దేరేటప్పుడు ఐల్డర్ట్ చెయ్యి చాచాడు. ఆ చేతిలో పట్టు లేదు. యుర్యెనే దాన్ని రెండు చేతులా అందుకుని నొక్కాడు.

“మళ్ళీ ఏదైనా మొరాయిస్తే రాయండి, వస్తాను.”

“ఇక రాయను. నీకు శ్రమ ఇచ్చాను,” అన్నాడు పెద్దాయన. చూపు మళ్ళీ కాగితాల మీదికి వెళ్ళిపోయింది.

గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ యుర్యెన్ గొంతు తగ్గించాడు.

“శనివారం నేనూ వచ్చి వింటానమ్మా. పోయినాయన పేరు చెబితే, ఆ ఇంటివాళ్ళకి రెండు ముక్కలు రాస్తాను.”

“ఇంకా ఎవరూ పోలేదయ్యా,” అంది ట్రీంచె తలుపు పట్టుకుని, “ఈ జబ్బుతో ఇక బతకలేనని ఐల్డర్ట్ చట్టప్రకారం తానే అడిగిన ఆఖరి సూది వేయడానికి డాక్టరు వచ్చేది గురువారం పదకొండింటికి.”