దుబాసీ మాట

ఆనందమ్మ చేపలగంప దించి, నడిబజారులో దుబాసీ చొక్కా పట్టుకుంది.

"ఏదయ్యా డాక్టరమ్మ? ఏడాదిలో వత్తాదన్నావు. ఏడాదిన్నరయింది!"

దుబాసీ సన్నటి మనిషి. కళ్ళజోడు, తెల్లచొక్కా. పాండిచ్చేరి నాయకులు యానాం వచ్చి తమిళంలో మాట్లాడితే, పక్కన నిలబడి ఆ మాటల్ని తెలుగులో చెప్పడం ఆయన పని. పేరు ఎవరూ ఎప్పుడూ అడగలేదు. గోదావరి వరద తీశాక ఊరు చూడడానికి మంత్రులొస్తే, వాళ్ళ వెనక ఆయనా వచ్చాడు.

"వస్తుందమ్మా," అన్నాడు, చొక్కా విడిపించుకోకుండానే.

"ఎప్పుడు? నా రెండోదాన్ని కూడా మట్టిలో పెట్టాకా?"

కూరలమ్మే సత్యవతమ్మ పక్కనుంచి నవ్వింది.

"ఆయన్నెందుకు పీకుతావు వదినా? ఆయనది అద్దె నోరు. ఎవరు మాటాడితే వాళ్ళదే ఆ నోరు."

"అద్దె నోరైతే మాత్రం? నా చెవుల్తో నేను విన్నాను కదా!"

విన్నది నిజమే.

ఎనభై అయిదు ఎన్నికలకి పాండిచ్చేరి నుంచి దండపాణి యానాం వచ్చాడు. అప్పటికి పార్టీలో చిన్న నాయకుడే. మీటింగులో ఆడవాళ్ళ మధ్యనుంచి ఆనందమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, మా పెద్దమ్మాయి సారమ్మ తొలి కానుపులో పోయింది. మగ డాక్టరుకి చెప్పుకోడానికి సిగ్గుపడి నొప్పంతా కడుపులోనే దాచుకుంది. కాకినాడ బస్సులోనే ప్రాణం పోయింది. ఇంకా చిన్నది తెరేసా ఉందండి. మా ఊరికి ఆడ డాక్టరుని ఇప్పించండి."

దుబాసీ ఆ మాటల్ని తమిళంలో చెప్పాడు.

దండపాణి చేతులూపుతూ, నవ్వుతూ ఏదో చెప్పాడు.

దుబాసీ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏడాదిలో ఆడ డాక్టరు వస్తుందమ్మా. ఇది మాట."

చప్పట్లు మోగిపోయాయి. అన్ని చప్పట్లకి దండపాణే ఆశ్చర్యపోయి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆ మాటకే ఆనందమ్మ ఉండే అడవిపొలం ఆడవాళ్ళంతా ఆయన పార్టీకి ఓటేశారు. యానాం సీటు గెలిచింది. ఆ గెలుపు తనదని చెప్పుకుని దండపాణి మంత్రి అయ్యాడు.

డాక్టరు మాత్రం రాలేదు. ఇప్పుడు తెరేసాకి ఆరో నెల.

"అబద్ధాల నోరు! ఆ నోరు పడిపోనూ!" అంది ఆనందమ్మ.

చుట్టూ జనం చేరారు. దుబాసీ ముఖం ఎర్రబడింది గానీ మాట మారలేదు.

"పడిపోనీయమ్మా. డాక్టరు మాత్రం వస్తుంది. మీ అమ్మాయి పురిటికి ముందే వస్తుంది."

బొత్తాలు ఊడిన చొక్కాని గుప్పిట్లో పట్టుకుని జీపు వైపు నడిచాడు.

డిసెంబరు మొదటి వారంలో డాక్టరమ్మ వచ్చింది.

పేరు రామతులసి. పాతికేళ్ళుంటాయేమో. పాండిచ్చేరి పిల్లే అయినా తెలుగు చక్కగా మాట్లాడుతుంది. తెరేసా ఆమెకి దాచకుండా అన్నీ చెప్పుకుంది. బిడ్డ అడ్డం తిరిగిందని ముందే తెలిసింది. క్రిస్మస్ వారంలో తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు.

జనవరిలో కొత్త కానుపుల వార్డు తెరవడానికి దండపాణి వచ్చాడు. ఇంక ముఖ్యమంత్రి ఆయనేనని జనం చెప్పుకుంటున్నారు. మెడ కనపడకుండా దండలు.

"యానాం ఆడపడుచులకి మాటిచ్చాను. నిలబెట్టుకున్నాను!" అన్నాడు. ఆ మాట తెలుగులో చెప్పింది ఎవరో కొత్తాయన.

ఆనందమ్మ గంపలో పెద్ద పండుగప్ప చేప ఉంది. అది మంత్రికి కాదు. స్టేజీ చుట్టూ రెండుసార్లు తిరిగి, దుబాసీ కనపడక, వార్డులోకి వచ్చింది.

"డాక్టరమ్మా, నువ్వు పాండిచ్చేరి దానివేగా. మంత్రుల దుబాసీ నీకు తెలుసా? కళ్ళజోడాయన."

"తెలుసమ్మా."

"ఆయన్ని నానా మాటలూ అన్నాను తల్లీ. నోరు పడిపోవాలన్నాను. ఈ చేప చేతిలో పెట్టి కాళ్ళు పట్టుకుందావని వచ్చాను."

రామతులసి చేతిలో ఉన్న స్టెతస్కోపు బల్లమీద పెట్టేసింది.

"ఆయన లేరమ్మా. నవంబరులో పోయారు."

ఆనందమ్మ నేలమీద కూలబడింది.

"నా నోరే తగిలింది."

"కాదమ్మా. గుండెజబ్బు. మూడేళ్ళుగా ఉంది. చెప్తే వినేవారు కాదు, అలాగే తిరిగేవారు." డాక్టరమ్మ కూడా వచ్చి ఆమె పక్కనే నేలమీద కూర్చుంది.

"మంత్రి అన్న మాట చెప్పినందుకు, ఆ మహానుభావుణ్ణి నలుగుర్లో నిలబెట్టాను."

"మంత్రిగారు ఆ మాట అనలేదమ్మా."

"అదేంటి?"

"'ఈ మూలకి ఏ ఆడ డాక్టరొస్తుంది, మంత్రసానితోనే సరిపెట్టుకోండి' అన్నారు."

ఆనందమ్మ అయోమయంగా చూసింది.

"మరి ఆయన వస్తుందన్నాడుగా? ఎవర్ని చూసుకుని అన్నాడమ్మా?"

రామతులసి ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నన్ను చూసుకునే. మీటింగునుంచి ఇంటికొచ్చిన రోజు మా నాన్న నాతో, 'నిన్నడక్కుండా నీ పేరుమీద ఒకమ్మకి మాటిచ్చేశాను, తొందరగా చదువు పూర్తి చెయ్యమ్మా' అన్నారు."