చంద్రకాంతమ్మ కల్యాణ చావు

"కోసేదానికి నేనొప్పుకోను సార్! తొంభై మూడేళ్ళ మనిషి!" డాక్టరు గిరిప్రసాద్ బల్ల మీద ఏకాంబరం అరచేత్తో చరిచాడు. తిరుపతి ఆస్పత్రిలో అంత గట్టిగా మాట్లాడింది ఆ పూటకి ఆయనొక్కడే.

"కోస్తానని నేనెప్పుడన్నాను?" అన్నాడు డాక్టరు. "మీ అమ్మకు అపెండిక్స్ వాచి చీము పట్టింది. ఈ వయసులో కత్తి పెడితే తట్టుకోలేదు. ఊరికే వదిలేస్తే లోపలే పగులుతుంది. అందుకని కింది నుంచి కెమెరా ఉన్న సన్న గొట్టం పంపిస్తాం. అపెండిక్స్ మూతికి అడ్డం పడిన రాయిలాంటి మలాన్ని తీసేసి, చీము కడిగేస్తాం. కోతా లేదు, కుట్టూ లేదు."

"మరి ఆ అపెండిక్సు?"

"దాని చోట అది ఉంటుంది. ఎప్పుడైనా మళ్ళీ నొప్పి రావచ్చు, రాకపోనూవచ్చు. వస్తే మళ్ళీ ఇదే చేస్తాం."

ఏకాంబరం సరేనన్నాడు గానీ ఒక్క ముక్క నమ్మలేదు. నగరిలో మరమగ్గాలు నడిపే మనిషి. తెగిన పోగును ముడెయ్యకుండా అతికిస్తానంటే ఎట్లా నమ్ముతాడు?

అమ్మను లోపలికి తీసుకుపోయారు. ఏకాంబరం తలుపునే చూస్తూ కూర్చున్నాడు. మేనమామకు ఆపరేషన్ చేసినప్పుడు పొద్దంతా తలుపు తియ్యలేదు, మేనమామ బతికాడు. ఎదురింటాయనకు చేసినప్పుడు కాసేపటికే తలుపు తీశారు, ఆయన పోయాడు. అంచేత ఆపరేషన్ల సంగతి తనకు బాగా తెలుసని ఆయన నమ్మకం.

అరగంటయినా కాకముందే తలుపు తెరుచుకుంది.

ఇదీ ఎదురింటాయన లెక్కేననుకున్నాడు ఏకాంబరం. డాక్టరు నోరు విప్పేలోగానే గోడవైపు తిరిగి తమ్ముడు మునిశేఖర్‌కు ఫోన్ చేశాడు.

"శేఖరా, అమ్మ మనల్ని ఇడిసిపెట్టి పోయిందిరా. కల్యాణ చావు సేయాల. పలకలోళ్ళకు సెప్పు."

మునిమనవళ్ళను ఎత్తుకున్న మనిషి పోతే ఆ వైపు పెళ్ళిలాగా సాగనంపుతారు. పలక డప్పులు మోగిస్తారు, పూలతేరు కడతారు, మునిమనవళ్ళ చేతికి నెయ్యి కాగడాలిస్తారు. తనకూ అట్లాగే జరగాలని వాళ్ళమ్మ చంద్రకాంతమ్మ ఎన్నిసార్లు చెప్పుకుందో! ఆ కోరికన్నా తీర్చాలని ఏకాంబరం కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

"బ్రహ్మాండం!" అన్నాడు వెనక నుంచి డాక్టరు. "చీమంతా కడిగేశాం. మత్తు దిగేదాకా నిద్రపోతుంది. రేపు ఇంటికి తీసుకుపోండి."

ఏకాంబరం నవ్వాడు, ఏడ్చాడు, మళ్ళీ ఫోన్ అందుకున్నాడు. "రేయ్, అమ్మ బతికే ఉండాది!"

"అన్నా, ధైర్యం తెచ్చుకో. పెద్దోడివి, నువ్వే ఇట్లయిపోతే మేమేం కావాల?" అన్నాడు మునిశేఖర్ మెల్లగా.

"నిజంరా! ఫోటో పంపిస్తా, నువ్వే సూడు!"

ఫోటో వెళ్ళింది. కళ్ళు మూసుకుని, గడ్డం దాకా తెల్లదుప్పటి కప్పుకుని, కదలకుండా పడుకున్న అమ్మ. ఎవరికైనా మూలన కాస్త అనుమానం మిగిలి ఉంటే అది కూడా తీరిపోయింది. ఆ తర్వాత ఏకాంబరం ఎన్నిసార్లు పిలిచినా, పలకల మోతలో ఎవరికీ ఫోన్ వినబడలేదు.

మరునాడు పొద్దున కారు నగరిలో తమ వీధి మలుపు తిరిగింది. ఎప్పుడూ టకటకలాడే మగ్గాలు ఒక్కటీ ఆడటం లేదు. పలకలు మాత్రం దద్దరిల్లుతున్నాయి. ఫ్లెక్సీలో చంద్రకాంతమ్మ ఎన్నడూ లేనంత తెల్లగా ఉంది. కంచి చుట్టాలు, వేలూరు చుట్టాలు, ఆమెతో ఏనాడో మాటలు మానేసిన మరిది కూడా వచ్చి పూలతేరు పక్కన నిలబడ్డారు. కాగడాలు పట్టుకున్న మునిమనవళ్ళు ఎప్పుడు వెలిగిస్తారా అని చూస్తున్నారు.

అందరికంటే ముందు ఏకాంబరం భార్య వరదమ్మ జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటోంది. "బంగారమంటి అత్తా! ఒక్క మాటనకుండా నన్ను కూతురి మాదిరి సాకితివే! నీలాంటి అత్త ఏ జన్మలో దొరుకుతాదే!"

ఆ అత్తాకోడళ్ళు ఉప్పూనిప్పూ అని ఆ వీధిలో కుక్కలకు కూడా తెలుసు.

కారు తలుపు తీసుకుని చంద్రకాంతమ్మ దిగింది. పలకలు టక్కున ఆగిపోయాయి. మరిది నాలుగడుగులు వెనక్కి వేశాడు. వరదమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

భూమి చీలి మింగేస్తే బాగుండుననిపించింది ఏకాంబరానికి. అమ్మ కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోయిందమ్మా! బతికుండంగానే నీకు తేరు కట్టించిన పాపిష్టోణ్ణి. నన్ను తిట్టు, కొట్టు."

ఆమె తిట్టలేదు. తేరు చుట్టూ నిదానంగా తిరిగి చూసింది. ఒక మల్లెపువ్వు తెంపి వాసన చూసింది. మరిది దగ్గరికి పోయి బుగ్గ తడిమింది. తేరుకు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఆపినారేమప్పా, కొట్టండి," అంది పలకలోళ్ళతో. తర్వాత కోడలివైపు తిరిగింది. "వరదా, నువ్వూ ఆపొద్దు. ఆ బంగారం కాణ్ణుంచి మళ్ళీ సెప్పు."

పాపం వరదమ్మ ఏం చేస్తుంది? మళ్ళీ ఎత్తుకుంది. అత్త కళ్ళు మూసుకుని, తలూపుతూ చివరిదాకా విన్నది. కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఏకాంబరా, ఆ డాక్టరుకు ఫోన్ సెయ్."

నొప్పి తిరగబెట్టిందనుకున్నాడు ఏకాంబరం. ఫోన్ కలిపి, అందరికీ వినబడేట్టు అమ్మ ముందు పెట్టాడు.

"నాయనా, నాకీ నొప్పి మళ్ళీ వస్తాదా?"

"భయపడకవ్వా," అన్నాడు డాక్టరు. "మేమున్నాం కదా, రానివ్వం."

"అయ్యయ్యో, అట్లనొద్దు నాయనా," చంద్రకాంతమ్మ బతిమాలింది, "ఏడాదికొకసారన్నా వచ్చేటట్టు సూడు!"